జేబులో పొడిగడ్డలు

మా ఫ్యాక్టరీలో బలం పొడి తయారవుతుంది. పాలపొడి, వేయించి పిండి పట్టిన ధాన్యం, చక్కెర, విటమిన్లు, ఇనుము తాలూకు లవణం అన్నీ ఒక పెద్ద స్టీలు డ్రమ్ములో పడి తిరుగుతాయి. అన్నిటికన్నా చివర పడేది నేను పోసే పొడి. సుద్దలా తెల్లగా, ముఖానికి రాసుకునే పౌడరుకన్నా మెత్తగా ఉంటుంది. దాని అసలు పేరు చాలా పొడుగు, అందుకని మేం క్యాల్షియం అంటాం. దానికి రెండు పనులు. గాలిలో తేమ తగిలినా పొడి గడ్డకట్టకుండా రేణువుకీ రేణువుకీ మధ్య అడ్డం నిలబడటం ఒకటి. తిన్నవాళ్ళ ఎముకలకు బలం ఇవ్వడం రెండోది.

విడదీసేదీ బలమిచ్చేదీ ఒకటే ఎలా అయిందో నాకు ఇప్పటికీ అర్థం కాదు. దేవుణ్ణి చాలాసార్లు అడిగాను. ఆయనకు తీరిక దొరకలేదో, నాకు వినే చెవి లేదో.

ఆ పొడి పోయడానికి ఒక పద్ధతి ఉంది. డ్రమ్ము మూతి దగ్గర నిలబడి చేతిజల్లెడలోంచి కొద్దికొద్దిగా రాల్చాలి. ఒక్కసారే కుమ్మరిస్తే ఒక మూల చేరి కూర్చుంటుంది, మిగతా పొడికి అందదు. పోస్తున్నంతసేపూ మాట్లాడకూడదు. ఊపిరి తగిలితే చాలు, పొగలా లేచి కళ్ళలో పడుతుంది. అందుకని ఆ గదిలో ఎవరూ నోరు విప్పరు. ఇన్నేళ్ళుగా ఆ పని చేసి, మాట్లాడకుండా ఉండటం నాకు బాగా అలవాటైపోయింది. ఆ అలవాటు ఇంట్లో కూడా అవసరం పడుతుందని అప్పట్లో అనుకోలేదు.

మా ఆవిడ ఆ పొడిని సవతి అనేది.

సాయంత్రం నేను గుమ్మం ఎక్కగానే ఎదురొచ్చి పొడి పడి తెల్లబడ్డ నా జుట్టుకేసి చూసేది.

"వచ్చారా? పూర్తిగా ముసలాణ్ణి చేసి పంపిందే మా సవతి! పడుచుదనం అంతా తను వాడుకుని, నెరిసిన మొగుణ్ణి నాకు తోస్తోంది."

"దాని పుణ్యానే కదే ఇల్లు గడిచేది" అనేవాణ్ణి.

"అదీ నిజమే. నా పని ఊడగొట్టింది, నా మొగుణ్ణి పట్టుకుపోయింది, కడుపుకి మాత్రం ఇంత పెడుతోంది. ఎంతమందికి దొరుకుతుంది ఇలాంటి సవతి!"

తమాషాకే అనేది కానీ అందులో అబద్ధం లేదు. ఆ పొడి రాకముందు మా ఫ్యాక్టరీలో జల్లెడ గది అని ఒకటి ఉండేది. వాన ముసురు పట్టిందంటే పొడి గడ్డకట్టేది. పొడుగాటి జల్లెడలకు అటూ ఇటూ ఆడవాళ్ళు కూర్చుని జల్లిస్తూ, పైన మిగిలిన గడ్డలు ఏరి బుట్టలో వేస్తే, వాటిని మళ్ళీ మరపట్టేవాళ్ళు. ఆ గదిలో అందరికన్నా చేతివాటం ఉన్న మనిషి మా ఆవిడే. జల్లెడరాణి అనేవారు.

గడ్డలంటే గులకరాళ్ళంత ఉండేవి. కొరికితే కటుక్కుమని విరిగి, ఆ తర్వాత నాలుక మీద పాలమీగడలా కరిగిపోయేవి. అవి తినకూడదని గోడ మీద పెద్ద అక్షరాలతో రాసి ఉండేది. తినని మనిషి లేదు.

వాళ్ళ మీద ఒక మేస్త్రి ఉండేవాడు. దగ్గు మేస్త్రి అనేవాళ్ళం. ఆయన ఆడవాళ్ళకు వీపు పెట్టి, తూకం యంత్రం ముల్లుకేసి చూస్తూ చాలాసేపు నిలబడేవాడు. అంతసేపు చూడటానికి అక్కడ ఏమీ ఉండదు. ఆయన వీపు తిరగ్గానే గడ్డలు నోళ్ళలోకి వెళ్ళేవి. వెనక్కి తిరగబోయే ముందు ఆయన గట్టిగా ఒక దగ్గు దగ్గేవాడు. అంతే, దవడలన్నీ ఆగిపోయేవి. ఆయన తిరిగి చూసేసరికి ఒక్కొక్కరూ నోట్లో నాలుక లేనట్టు కూర్చుని ఉండేవాళ్ళు. అది జబ్బు దగ్గు కాదని అందరికీ తెలుసు. తెలుసని ఆయనకూ తెలుసు. ఎవరూ పైకి అనలేదు. మంచితనం కూడా ఒక్కోసారి ముసుగు వేసుకోవాలేమో.

నేనప్పుడు బస్తాలు మోసేవాణ్ణి. జల్లెడ గదిలో బస్తా దింపి వస్తుంటే ఒకరోజు నా చొక్కా జేబులో ఏదో బరువుగా పడింది. రాయేమో అనుకున్నాను. చూస్తే గడ్డ. ఎవరు వేశారా అని తిరిగి చూస్తే జల్లెడరాణి తల దించుకుని జల్లిస్తోంది, దవడ మాత్రం కదులుతోంది. ఆ తర్వాత అలా వెళ్ళిన ప్రతిసారీ జేబులో ఒక గడ్డ పడేది. నేను బస్తాల వెనక్కి పోయి తినేవాణ్ణి. మా పెళ్ళి మాటలు అలా నడిచాయి, ఒక్క మాట లేకుండా.

పెళ్ళయిన కొన్నాళ్ళకు క్యాల్షియం పొడి వచ్చింది. నా చెయ్యి నిదానమని, పోయడం నాకు నేర్పారు. గడ్డలు ఆగిపోయాయి. జల్లెడ గదికి తాళం పడింది. ఆడవాళ్ళు కొందరు డబ్బాలు మూసే వరుసలోకి, కొందరు ఇళ్ళకు పోయారు. మా ఆవిడ ఇంటికొచ్చింది. ఆ రోజే మొదటిసారి సవతి అన్న మాట వాడింది.

మాకు పిల్లలు లేరు. ఉన్నది మేమిద్దరం, పై అంతస్తులో మూడు గదులు. కింది వాటాలో మా వదిన, మా ఆవిడకు అక్క. భర్త పోయాక అక్కడే ఉంటోంది.

మా ఆవిడకు మరుపు జబ్బు వచ్చింది. మొదట వస్తువుల పేర్లు పోయాయి, తర్వాత పొయ్యి వెలిగించడం పోయింది, ఆ తర్వాత నేను పోయాను. ఒక సాయంత్రం నేను పక్కన కూర్చుంటే చాలా మర్యాదగా, "కొంచెం లేస్తారాండీ? మావారు వచ్చే వేళయింది. ఎవరో మగమనిషి కూర్చున్నారనుకుంటారు, బాగోదు" అంది. నేను లేచి వెళ్ళి వంటింట్లో నిలబడ్డాను. లోపల ఆవిడ ఎదురుచూస్తోంది, బయట నేనూ ఎదురుచూస్తున్నాను. ఇద్దరం ఒక మనిషి కోసమే.

తర్వాత ఆ మర్యాద మాటలు కూడా ఆగిపోయాయి. ఈ మధ్య తిండీ ఆగింది. ముద్ద పెడితే పెదవులు బిగించేది. జావ పోస్తే నా చొక్కా మీదే ఉమ్మేది. డాక్టరు చూసి, "ఎముకలు సుద్దముక్కల్లా ఉన్నాయి. పడితే విరుగుతాయి. రక్తం కూడా తక్కువే. ఏదైనా బలం పొడి పట్టించండి" అని, మా ఫ్యాక్టరీ డబ్బా పేరే రాసిచ్చాడు. నాకు నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. "ఇంకొన్నాళ్ళు చూద్దాం. అప్పటికీ లోపలికి ఏమీ పోకపోతే ముక్కులోంచి గొట్టం వేయాలి. గొట్టం పీక్కోకుండా చేతులు కట్టాల్సి ఉంటుంది" అన్నాడు.

చేతులు కట్టాలంటే నా ప్రాణం ఒప్పుకోలేదు. జల్లెడ మీద ఆ చేతులు ఎలా ఆడేవో చూసినవాణ్ణి.

రోజూ నేను పనికి వెళ్ళేటప్పుడు వదిన పైకి వచ్చేది. ఇద్దరం కలిసి ఎన్ని రకాలుగా ప్రయత్నించినా బలం పొడి ఆవిడ నోట్లోకి వెళ్ళలేదు. పాలల్లో కలిపినా, నీళ్ళల్లో కలిపినా అంతే.

ఒకరోజు డ్రమ్ము కడిగే రోజు వచ్చింది. మూత అంచు కింద ఒక మడత ఉంది. క్యాల్షియం అక్కడికి చేరదు. చెయ్యి పెట్టి తుడుస్తుంటే గట్టిగా ఏదో తగిలింది. లాగితే ఒక గడ్డ, ఎన్నాళ్ళ తర్వాతో! ముక్కు దగ్గర పెట్టుకుంటే జల్లెడ గది వాసన వచ్చింది. పారేయడానికి మనసొప్పక జేబులో వేసుకున్నాను.

ఇంటికొచ్చి చొక్కా విప్పి ఆవిడ మంచం పక్కన కుర్చీకి తగిలించాను. గది మూల కుళాయి దగ్గర ముఖం కడుక్కుంటున్నాను. వెనక నుంచి కటుక్కుమని వినిపించింది.

గిరుక్కున తిరిగాను. ఆవిడ చప్పున నోరు మూసుకుంది. ఏమీ ఎరగనట్టు గోడకేసి చూస్తోంది. పెదవి చివర తెల్లటి నలుసు. కుర్చీకున్న చొక్కా జేబు బయటికి తిరగబడి ఉంది.

"వదినా!" అని నేను అరిచిన అరుపుకి కింది వాటా నుంచి వదిన గుండె చేత్తో పట్టుకుని పరిగెత్తుకొచ్చింది.

"ఏమైందయ్యా? పడిందా?"

"తింది వదినా! గడ్డ తింది!"

"దీనికోసమా నా ప్రాణాలు తోడేశావు!" అంటూ మంచం మీద కూలబడి, చెల్లెలి గడ్డం పట్టుకుని, "ఏమే, ఇన్నాళ్ళూ మమ్మల్ని ఏడిపించి, ఇప్పుడు రాళ్ళు తింటున్నావా?" అంది. కళ్ళు తుడుచుకుంటూనే అంది.

మంచం మీద పడి ఉన్న మిగతా ముక్క పళ్ళెంలో పెట్టి ఇచ్చాను. ఆవిడ మొహం తిప్పేసుకుంది. కడుపు నిండిందేమో అనుకున్నాను.

ఇక నా పని గడ్డలు తయారుచేయడం. తేమ తగిలితే గడ్డకట్టాలి కదా. ఇంట్లో ఉన్న డబ్బా మూత తీసి, కెటిల్ ఆవిరి పట్టాను. పొడి గడ్డకట్టలేదు. ఇంకాసేపు పట్టాను. అప్పటికీ ఇసకలా జారిపోతూనే ఉంది. మొండికేసి ఇంకా పడితే గడ్డ కావలసింది కాస్తా బంకై గరిటెకు అంటుకుంది. పొద్దున డ్రమ్ములో అంత శ్రద్ధగా పోసింది నేనే. సాయంత్రం వంటింట్లో నిలబడి తిట్టుకుంటున్నదీ నేనే.

వదిన గుమ్మానికి చేరబడి చూస్తోంది.

"జీవితమంతా దాన్ని కలవకుండా కాపలా కాశావు. ఇప్పుడు కలవమని బతిమాలితే వింటుందా? దానికి మాత్రం రోషం ఉండదూ?"

"మీకు నవ్వులాటగా ఉంది వదినా."

"నవ్వక ఏం చేయమంటావయ్యా? ఏడవడానికి నువ్వున్నావుగా."

ఆ బంకనే ఎండబెట్టి ముక్కలు చేసి పెట్టాను. పళ్ళకు అంటుకుందో ఏమో, ఆవిడ ఉమ్మేసింది. డాక్టరు మళ్ళీ రమ్మన్న రోజు దగ్గర పడుతోంది.

మర్నాడు పిల్లల ఆహార కేంద్రాలకు వెళ్ళే పొడి కలుపుతున్నాం. అన్నీ పడ్డాయి, డ్రమ్ము తిరుగుతోంది. నేను క్యాల్షియం గిన్నె, చేతిజల్లెడ పట్టుకుని నిలబడ్డాను. ఒక ఆలోచన వచ్చింది. ఈ ఒక్కసారి సగమే పోస్తే? ముసురు రోజులు. డబ్బాల అడుగున గడ్డలు కడతాయి. కొన్ని డబ్బాలు వెనక్కి వస్తాయి, వచ్చిన డబ్బాలు పారేసేవే కదా. ఆ గడ్డలు నేను తెచ్చుకుంటే ఎవరికి నష్టం?

సగం పోశాను. చెయ్యి ఆపాను.

గదిలో ఎప్పటిలాగే ఎవరూ మాట్లాడటం లేదు. ఆ నిశ్శబ్దంలో నాకు తోచింది ఒక్కటే. మిగిలిన ఈ సగం గిన్నె నాది కాదు. ఊరూపేరూ తెలియని పిల్లల ఎముకలది. మా ఇంట్లో ఒక మనిషి ఎముకల కోసం వాళ్ళ ఎముకల్లోంచి తీస్తానా? తప్పని తెలుసు. తెలిసి కూడా చెయ్యి కదలలేదు. దేవుడా, నువ్వే కదిలించు అనుకున్నాను. కదిలిందెలాగో నాకు తెలియదు, గిన్నె ఖాళీ అయ్యేదాకా రాల్చాను.

తల తిప్పేసరికి మా ల్యాబ్ మేడమ్ నిలబడి ఉంది. చిన్నపిల్ల, మొన్నమొన్న చదువు ముగించి వచ్చింది. ఏది చూసినా చిటికెడు తీసుకుని వేళ్ళ మధ్య నలుపుతుందని చిటికె మేడమ్ అంటారు. బయటికి రమ్మని సైగ చేసింది.

"మధ్యలో ఎందుకు ఆపారు? మీరెప్పుడూ ఆపరు కదా" అంది.

చెప్పేశాను. గడ్డ సంగతి, గొట్టం సంగతి, సగం గిన్నె సంగతి.

"క్యాల్షియం వేయకముందు పొడి కొంచెం నాకిస్తే, ఇంట్లో గడ్డ కట్టించుకుంటానమ్మా" అన్నాను.

"ఇస్తాను బాబాయిగారూ, అదేం పెద్ద విషయం కాదు. కానీ ఆవిడకి కావలసింది ఆ క్యాల్షియమే కదా. అది లేని గడ్డ తింటే కటుక్కుమంటుంది, అంతే. మూత కింద దొరికిన గడ్డలో కూడా అది ఉండి ఉండదు."

నేను అంత దూరం ఆలోచించలేదు. గడ్డ కట్టాలంటే బలం తీసేయాలి, బలం ఉంటే గడ్డ కట్టదు. మళ్ళీ అదే చిక్కుముడి.

"ఆవిరితో కాదు" అందామె, వేళ్ళు నలుపుకుంటూ. "నీళ్ళతో పెట్టుకుంటే ఈ పొడితో గెలవలేం, అందుకేగా వేస్తున్నాం. చక్కెర పాకం చిక్కగా కాచి, పూర్తయిన పొడి మీద చుక్కచుక్కగా వేస్తూ కలపండి. పలచగా పరిచి, సన్నసెగ మీద ఆరనిచ్చి, చేత్తో విరవండి. పాకం రేణువుల్ని పట్టుకుంటుంది. క్యాల్షియం ఎక్కడికీ పోదు."

వెళ్ళబోతూ ఆగి, "ఇంకోసారి సగంలో ఆపకండి. నేను చూడకపోయినా" అంది. అలాగే అన్నాను. ఆ మాట అనే హక్కు ఆ అమ్మాయికి ఉంది.

సాయంత్రం వదినా నేనూ కలిసి చేశాం. మొదటి వాయి మాడింది. రెండోది ముద్దయింది. మూడోది ఆరాక విరిస్తే గులకరాళ్ళంత గడ్డలు వచ్చాయి. ఒకటి నోట్లో వేసుకున్నాను. కటుక్కుమంది, కరిగింది. బస్తాల వెనక నిలబడ్డట్టే ఉంది. కళ్ళు మూసుకున్నాను.

"ఆ తపస్సేదో తర్వాత చేద్దువుగాని, ముందు దానికి పెట్టు" అంది వదిన.

పళ్ళెంలో పెట్టి ఆవిడ ముందుంచాను. చూడలేదు. నా అరచేతిలో పెట్టి చాచాను. చూసింది, నా మొహం చూసింది, పెదవులు బిగించేసింది. వదిన పెట్టింది. అంతే. ఒకటి పెదవుల మధ్య పెడితే నాలుకతో బయటికి తోసింది. మరుసటి రోజూ అంతే, ఆ మర్నాడూ అంతే. అదే గడ్డ, అదే రుచి. మరి ఆ రోజు ఎందుకు తింది? ఈ రోజు ఎందుకు తినదు? అడిగితే చెప్పే మనిషి కాదు.

"ఏదో ఒక్కసారి తింది. దానికి కారణాలు వెతక్కు" అంది వదిన, ఈసారి నవ్వకుండా. "రేపు ఆసుపత్రికి వెళ్దాం. గొట్టమే వేయించుదాం. చేతులు నేను పట్టుకుంటాలే, కట్టనివ్వను."

వదిన కిందికి వెళ్ళిపోయింది. పళ్ళెంలో గడ్డలు అలాగే ఉన్నాయి. ఫ్యాక్టరీలో కుర్రకారుకి పంచుదామని, పొద్దున మర్చిపోకుండా చొక్కా జేబులో పోసుకున్నాను. ఉక్కగా ఉంటే చొక్కా విప్పి మంచం పక్క కుర్చీకి తగిలించాను. దేవుడి అలమర ఎదుటి గోడకు ఉంది. దాని ముందుకెళ్ళి నిలబడి చేతులు జోడించాను.

ఏమడగాలో తెలియలేదు. బాగుచేయమని అడగడం ఎప్పుడో మానేశాను. నన్ను గుర్తుపట్టేలా చేయమని అడగడం ఆ తర్వాత మానేశాను. రేపు ఆ చేతులు కట్టే పని లేకుండా చూడు స్వామీ, అంతకన్నా ఏమీ వద్దు అన్నాను.

వెనక కటుక్కుమంది.

తిరగబోయాను. మెడ సగం తిరిగింది కూడా. అప్పుడు దగ్గు మేస్త్రి వీపు కళ్ళముందు నిలిచింది. తూకం ముల్లుకేసి చూస్తూ, చూడటానికి ఏమీ లేని చోట అంతసేపు నిలబడిన ఆ వీపు.

మెడ మళ్ళీ గోడవైపు తిప్పుకున్నాను.

మా ఆవిడ గడ్డ ఎప్పుడైనా అడిగి తిన్నదా? పళ్ళెంలో పెట్టుకుని తిన్నదా? తినొద్దని రాసి ఉన్న గోడ కింద, మేస్త్రి వీపు చూసి, చేతివాటంగా తీసి నోట్లో వేసుకున్నదే ఆవిడకు తెలిసిన గడ్డ. పేర్లు పోయాయి, పొయ్యి పోయింది, మొగుడు పోయాడు. ఆ చేతివాటం మాత్రం మిగిలింది. చూస్తున్న మనిషి ముందు తినకూడదన్నదీ మిగిలింది. ఇన్నాళ్ళూ నేను పళ్ళెం పట్టుకుని కళ్ళప్పగించి ఎదురుగా కూర్చుంటే ఎలా తింటుంది?

ఇంకో గడ్డ విరిగింది. నేను దేవుడికేసి చూస్తూ అలాగే నిలబడ్డాను. జోడించిన చేతులు దించలేదు. ఇంకోటి. కాళ్ళు లాగుతున్నాయి. చాలాసేపటికి చప్పుడు నెమ్మదించింది. అప్పుడు గట్టిగా ఒక దగ్గు దగ్గాను.

వెంటనే నిశ్శబ్దం.

తిరిగి చూశాను. చేతులు ఒళ్ళో పెట్టుకుని, తల వంచుకుని, నోట్లో నాలుక లేనట్టు కూర్చుని ఉంది. పెదవుల చుట్టూ తెల్లటి పొడి. నేను ఏమీ చూడనట్టు వంటింట్లోకి వెళ్ళిపోయి, గోడకు నుదురానించి ఏడ్చాను.

ఆసుపత్రికి వెళ్ళలేదు. మర్నాడు వదినకు చెబితే ముక్కున వేలేసుకుంది.

"అయితే దేవుడి ముందు నిలబడి పెళ్ళాం చేత దొంగతనం చేయిస్తున్నావన్నమాట!"

"ఆయన కూడా అటు తిరిగే ఉంటాడులే వదినా."

"ఏమో మరి. మన దగ్గరికొచ్చేసరికి ఎప్పుడూ అటే తిరిగి ఉంటాడు" అంది. కానీ ఆ రోజు నుంచి తనూ నేర్చుకుంది. కొంగున గడ్డలు మూటకట్టుకుని, మంచం పక్కన కూర్చుని, కిటికీలోంచి ఎవరితోనో మాట్లాడుతున్నట్టు వీధికేసి తిరిగి కబుర్లు చెబుతుంది. కొంగు ముడి విప్పుతున్నప్పుడు తగిలే వేళ్ళని పట్టించుకోదు. వదినకు దగ్గు సరిగ్గా రాదు. బొడ్డున దోపుకున్న తాళాలగుత్తి గలగలలాడిస్తుంది. మా ఆవిడ దానికి కూడా అలవాటు పడింది.

గడ్డల వెనకే కాస్త జావ కూడా లోపలికి పోతోంది. అది కూడా గ్లాసు కుర్చీ మీద మర్చిపోయినట్టు వదిలేసి వెళితేనే. డాక్టరు మొన్న చూసి, గొట్టం మాట ఎత్తలేదు. చిటికె మేడమ్ రోజూ అడుగుతుంది. "తింటోందమ్మా" అంటే చిటికెడు గాలి నలిపి, తల ఊపి వెళ్ళిపోతుంది.

అయితే ఒకటుంది. ఆవిడ తింటున్నప్పుడు నేను చూడటానికి లేదు. ఒకసారి ఆశపడి, గడ్డం గీసుకునే అద్దం దేవుడి అలమరలో ఒక వారగా నిలబెట్టాను. అందులోంచి అయినా ఆ మొహంలో సంతోషం చూద్దామని. గడ్డ నోటిదాకా తీసుకెళ్ళిన ఆవిడ అద్దంలో నా కళ్ళు చూసింది. చెయ్యి దిగిపోయింది. పట్టుబడ్డ మనిషి మొహం అది. ఆ పూటంతా ఏమీ ముట్టలేదు. అద్దం తీసి పెట్టెలో దాచేశాను.

అందుకని ఇప్పుడు సాయంత్రాలు ఇలా గడుస్తున్నాయి. నేను ఇంటికొస్తాను. నా జుట్టు చూసి ఎవరూ ఏమీ అనరు. జేబునిండా గడ్డలు పోసి, చొక్కా కుర్చీకి తగిలించి, గోడవైపు తిరిగి నిలబడతాను. వెనక నా భార్య తింటూ ఉంటుంది. ఆవిడకు నేను భర్తను కాను, ఎవరో మేస్త్రిని. ఆవిడ బతకాలంటే మేస్త్రిగానే ఉండాలి. దగ్గరికి వెళితే తినదు, దూరంగా నిలబడితేనే బలం. నా పొడి చేసే పనే నేనూ చేస్తున్నానేమో. దేవుణ్ణి ఆ ప్రశ్న అడగడం ఈ మధ్య మానేశాను. రోజూ ఆయన ఎదురుగానే నిలబడుతున్నాను కదా, చెప్పదలుచుకుంటే చెబుతాడు.

కటుక్కుమన్న చప్పుళ్ళు ఆగాక దగ్గుతాను. తిరుగుతాను. ఆవిడ తల వంచుకుని కూర్చుని ఉంటుంది. చొక్కా తీసుకుని పక్క గదిలోకి వెళ్ళి, తలుపు దగ్గరకు వేసి, జేబులో చెయ్యి పెడతాను.

పూర్వం ఆవిడ నా జేబులో ఒకటి వేసి వెళ్ళేది కదా. ఎప్పుడైనా చేతివాటంలో చెయ్యి పొరబడి, ఒకటి నాకు వదిలేస్తుందేమోనని.

జేబు ఖాళీగా ఉంటుంది. మూలల్లో కూడా నలుసు ఉండదు. అన్నీ తినేసింది. నేను కోరుకున్నదీ అదే. దేవుడికి దండం పెట్టుకుని, జేబు తిరగేసి దులిపి, మర్నాటికి చొక్కా కొక్కేనికి తగిలిస్తాను.